ఆల్‌దో రాసాక మళ్ళీ బట్ ఎందుకు రాకూడదండి? పిల్లలకి ఎలా చెప్పాలి?

లంక ట్యూషన్:
అందరికీ నమస్కారమండి. రాజోలు అవతల లంక ఊళ్ళో సాయంత్రంపూట ట్యూషన్ చెప్తాను, ఎనిమిదో క్లాసు నుంచి పదో క్లాసు దాకా పిల్లలు. ఇంగ్లీషు పేపర్లో రెండు వాక్యాలిచ్చి ఆల్‌దో పెట్టి కలపమంటారు కదా, అక్కడ దాదాపు అందరూ ఒకేలా రాస్తున్నారు. "ఆల్‌దో ఇట్ వాజ్ రైనింగ్, బట్ వుయ్ వెంట్ టు స్కూల్." బట్ కొట్టేసి మార్కు తీసేస్తాను, మర్నాడు మళ్ళీ అదే. ఆల్‌దో ఉంటే బట్ రాదు అని బోర్డు మీద రాసి బట్టీ పట్టిస్తే పరీక్షలో మానేస్తున్నారు గానీ సొంతంగా ఓ ఉత్తరమో వ్యాసమో రాయమంటే మళ్ళీ వచ్చి కూర్చుంటోంది. నాక్కావాల్సింది రూలు కాదండి, ఎందుకలా అన్నది వాళ్ళ తలకెక్కేలా చెప్పడం. ఇక్కడ ఇంగ్లీషు చెప్పినవాళ్ళున్నారు కదా, కాస్త చెప్పండి.

భీమవరం బీటెక్:
సింపులేనండి. రెండు ముక్కల్ని కలపడానికి ఒక కంజంక్షన్ చాలు. ఆల్‌దో ఉంచితే బట్ తీసెయ్యాలి, బట్ ఉంచితే ఆల్‌దో తీసెయ్యాలి. ఐఈఎల్‌టీఎస్ కోచింగులో మాకు ఇదే చెప్పారు.

లంక ట్యూషన్:
అది రోజూ చెప్తున్నదే బాబూ. ఎందుకు ఒకటే చాలు అని అడుగుతున్నారు. ఎనిమిదో క్లాసు అమ్మాయి ఒకత్తి "తెలుగులో రెండూ వస్తాయి కదండి" అంది. దానికి ఏం చెప్పాలి?

పెన్షన్ మేష్టారు:
ఆ అమ్మాయిని మెచ్చుకోండమ్మా, మంచి ప్రశ్న అడిగింది. మన గోదారి జిల్లాల్లో ఎవరి నోట విన్నా "వానొచ్చినా కానీ బడికెళ్ళేం", "ఎంత చెప్పినా గానీ వినలేదండి" అనే వస్తుంది. వచ్చినా, చెప్పినా అనడంలోనే మలుపు వచ్చేసింది, ఆ దీర్ఘమే ఆ పని చేసేసింది. అయినా దాని పక్కన ఇంకో కానీ పెట్టుకుంటాం, మనకి అది తప్పు కాదు, ఒత్తి చెప్పడం అంతే. సంస్కృతంలో యద్యపి అంటే తర్వాత తథాపి వస్తుంది. హిందీలో హాలాఁకి అని మొదలుపెట్టి మధ్యలో లేకిన్ అంటారు. చైనా భాషలోనూ రెండు ముక్కలకీ చెరొక గుర్తు పెడతారు, అందుకే ఇంగ్లీషు నేర్చుకునే చైనా పిల్లలు కూడా సరిగ్గా మన పిల్లల్లాగే ఆల్‌దో, బట్ రెండూ రాస్తారు. కాబట్టి ఇది పిల్లల అశ్రద్ధ కాదు. ఇంటి భాషలో ఉన్న అలవాటుని ఇంగ్లీషులోకి తీసుకెళ్తున్నారు, తెలివున్న పిల్లలు చేసే పనే అది.

ఇక ఇంగ్లీషులో ఎందుకు కుదరదంటే, బట్ అనేది రెండు పూర్తి వాక్యాల మధ్య కూర్చుంటుంది. దానికి ఎడమవైపు ఒక పూర్తి వాక్యం ఉండాలి, కుడివైపు ఒకటి ఉండాలి, రెండింటికీ సమాన హోదా. "ఇట్ వాజ్ రైనింగ్" పూర్తి వాక్యం. దాని ముందు ఆల్‌దో పెట్టగానే అది పూర్తి వాక్యం కాకుండా పోతుంది, పక్కదాని మీద ఆధారపడిపోతుంది. "ఆల్‌దో ఇట్ వాజ్ రైనింగ్" అని చదివి ఆపేయమనండి. మనం "వానొచ్చినా..." అని ఆగిపోతే అవతలివాడు "ఊఁ, వానొచ్చినా?" అని అడుగుతాడు కదా, అలాగే ఉంటుంది. ఇప్పుడు బట్‌కి ఎడమవైపు పూర్తి వాక్యం లేదు. అది పట్టుకోడానికి ఏమీ లేక వేలాడుతుంది. అంచేత రాకూడదు.

క్లాసులో ఇలా చేయించండి. వాక్యంలో ఆల్‌దో ముక్క మీద చెయ్యి పెట్టి కప్పమనండి. మిగిలింది "వుయ్ వెంట్ టు స్కూల్" అని సొంతంగా నిలబడాలి. "బట్ వుయ్ వెంట్ టు స్కూల్" అని మిగిలితే వాళ్ళకే వినడానికి తేడాగా ఉంటుంది. బట్టీ కన్నా చెవికి అలవాటు చెయ్యడం మేలు.

లంక ట్యూషన్:
చెయ్యి పెట్టి కప్పడం బాగుందండి మేష్టారూ, రేపే చేయిస్తాను. ఆ దీర్ఘం సంగతి కూడా చెప్తాను.

కోచింగ్ మావయ్య:
కాకినాడ నుంచి, పోటీ పరీక్షలకి చెప్తాను. ఎర్రర్ స్పాటింగులో, అంటే వాక్యంలో తప్పున్న ముక్కని పట్టుకోమనే ప్రశ్నల్లో, ఇది పాత చుట్టమే. "ఆల్‌దో హీ ఈజ్ రిచ్ బట్ హీ ఈజ్ అన్‌హ్యాపీ" అని ఇస్తారు, బట్ ఉన్న ముక్క టిక్కు పెట్టాలి. దాని బదులు కామా గానీ యెట్ గానీ వస్తుంది. దో, యెట్ జంటగా వస్తాయని పాత గ్రామర్ పుస్తకాల్లో ఉంటుంది, ఎస్సెస్సీ ఉద్యోగ పరీక్షలు రాసేవాళ్ళు గుర్తు పెట్టుకోండి.

డీఎస్సీ ఆశ:
ఇదే నాకు ఎప్పట్నుంచో ఉన్న డౌటండి. యెట్ అన్నా కానీ అనే కదా. బట్ తప్పయితే యెట్ ఎలా ఒప్పవుతుంది? డీఎస్సీకి ఇంటర్వ్యూ లేకపోయినా రేపు క్లాసులో పిల్లలు అడిగితే చెప్పాలి కదా.

పెన్షన్ మేష్టారు:
యెట్ రెండు పనులు చేస్తుందమ్మా. ఒక్కోసారి బట్ లాగా కలుపుతుంది, ఒక్కోసారి స్టిల్ లాగా క్రియావిశేషణంగా వస్తుంది, "అయినా సరే" అన్నట్టు. ఆల్‌దో తర్వాత వచ్చే యెట్ రెండో రకం, కలిపే పని ఆల్‌దోనే చేసేసింది, యెట్ ఊరికే నొక్కి చెప్తోంది. బట్‌కి ఆ చోట ఈ రెండో వేషం లేదు. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలు ఇంగ్లీషులో దో, యెట్ జంట కనిపిస్తుంది, అంటే ఇది ఇవాళ్టిది కాదు. ఇప్పటి రాతలో యెట్ పెట్టడం బాగా తగ్గిపోయింది, కామాతో సరిపెడతారు. పిల్లలకి మాత్రం స్టిల్ నేర్పండి, మాటలోనూ రాతలోనూ నడుస్తుంది. "ఆల్‌దో హీ వాజ్ టైర్డ్, హీ స్టిల్ ఫినిష్డ్ ద వర్క్." మన పిల్లలకి రెండో ముక్కలో కూడా ఏదో ఒకటి ఉండాలనిపిస్తుంది కదా, ఆ కోరిక స్టిల్‌తో తీరుతుంది, వాక్యం చెడదు.

డీఎస్సీ ఆశ:
అర్థమైందండి. చాలా థాంక్సండి.

శివారు రైతు:
ఆయ్, మధ్యలో వస్తున్నాను ఏమనుకోకండి. నాకు గ్రామరు గొడవ లేదు గానీ ఇదే మాట మీద నాకొక పని పడింది. మాది కాలవ చివర ఊరండి. సార్వాకి, అదే వానాకాలం పంటకి, పర్లేదు, దాళ్వాకి, అదే రెండో పంటకి, నీళ్ళు వంతులవారీ పెట్టేక మా చివరి తూముల కిందకి నీళ్ళెక్కట్లేదు, పైన కాలవ మటుకు నిండుగా పారుతున్నట్టే కనిపిస్తది. పైఆఫీసుకి ఇంగ్లీషులో అర్జీ పెడదామని మా అబ్బాయి చేత రాయించేను. వాడు రెండు రకాలుగా రాసి ఏదో ఒకటి పెట్టు నాన్నా రెండూ ఒకటే అంటున్నాడు.

ఒకటి: "ఆల్‌దో ద టెయిల్ ఎండ్ ఫీల్డ్స్ గాట్ నో వాటర్, ద కెనాల్ వాజ్ రన్నింగ్ ఫుల్."
రెండు: "ఆల్‌దో ద కెనాల్ వాజ్ రన్నింగ్ ఫుల్, ద టెయిల్ ఎండ్ ఫీల్డ్స్ గాట్ నో వాటర్."

రెండూ ఒకటేనా మేష్టారూ? చదువుతుంటే నాకు ఒకటి కాదనిపిస్తోంది, ఎందుకో చెప్పలేకపోతున్నాను.

భీమవరం బీటెక్:
గ్రామర్ ప్రకారం రెండూ కరెక్టేనండి బాబాయ్. రెండింట్లోనూ బట్ లేదు, కామా ఉంది. ఏదైనా పెట్టొచ్చు.

పెన్షన్ మేష్టారు:
గ్రామరుకి రెండూ ఒప్పే, అర్జీకి మాత్రం రెండోదే ఒప్పు. మొదటిది పంపిస్తే మీరే ఆఫీసు తరఫున జవాబు రాసిచ్చినట్టవుతుంది.

ఈ విషయం క్లాసుల్లో చెప్పరు, రెండు వాక్యాలిచ్చి కలపమంటారు, ఏ వాక్యం ముందు ఆల్‌దో పెట్టాలో పిల్లాడి ఇష్టానికి వదిలేస్తారు. నా మటుకు నాకు ఆల్‌దోలో అసలు పాఠం ఇదే. ఏ ముక్కకి ఆల్‌దో తగిలిస్తామో ఆ ముక్కని మనం "సరే, అది ఒప్పుకుంటున్నాను" అని పక్కన పెడుతున్నాం. మిగిలిన ముక్క మనం నిలబెట్టే మాట. మొదటి వాక్యంలో మీ చేలకి నీళ్ళు రాలేదన్నది పక్కకి పోయింది, కాలవ నిండుగా ఉందన్నది నిలబడింది. చదివే ఆయన "అవునవును, కొద్దిగా శివారు చేలకి అందకపోయినా కాలవ బాగానే పారింది" అనుకుంటాడు. రెండో వాక్యంలో కాలవ నిండుగా ఉన్న సంగతి మీరే ముందు ఒప్పేసుకున్నారు, ఇక ఆ మాటతో మీకు జవాబు చెప్పడానికి వీల్లేదు. మిగిలింది నీళ్ళు రాలేదన్నదే. వాస్తవాలు అవే రెండు, మీ వైపు మాట్లాడేది మటుకు ఒక వాక్యమే.

తెలుగులో మీరు చెప్పుకుంటే తెలిసిపోతుంది. "చేలకి నీళ్ళెక్కకపోయినా కాలవ నిండుగానే ఉందండి." ఇది కాలవ మీద నీళ్ళు చూసే లస్కరు మాట. "కాలవ నిండుగా ఉన్నా చేలకి నీళ్ళెక్కలేదండి." ఇది రైతు మాట. మీకు తేడాగా అనిపించింది అందుకే.

శివారు రైతు:
ఆయ్! అదేనండి నేను చెప్పలేకపోయింది. మరి బట్ పెట్టి రాస్తేనో? "ద కెనాల్ వాజ్ రన్నింగ్ ఫుల్, బట్ ద టెయిల్ ఎండ్ ఫీల్డ్స్ గాట్ నో వాటర్." మాట్లాడినట్టు ఉంటదని మా అబ్బాయి అంటున్నాడు.

పెన్షన్ మేష్టారు:
అదీ బాగుంటుంది. బట్‌తో రెండు ముక్కలూ సమానంగా నిలబడతాయి, చివర చెప్పింది కొంచెం ఎక్కువ వినబడుతుంది, అందుకని అక్కడ కూడా మీ బాధే చివర ఉండాలి. ఆల్‌దోతో అయితే తూకం మీరే వేసి ఇస్తున్నారు. అర్జీలో ఇలాంటి వాక్యం ఒకటుంటే ఆల్‌దో పెట్టండి, మిగతా చోట్ల బట్‌తో సూటిగా రాయండి, అన్నీ ఆల్‌దోలే అయితే చదవబుద్ధెయ్యదు. ఇంకొకటి, ఆల్‌దో ముక్కని చివరికి తోసి "ద టెయిల్ ఎండ్ ఫీల్డ్స్ గాట్ నో వాటర్, ఆల్‌దో ద కెనాల్ వాజ్ రన్నింగ్ ఫుల్" అని కూడా రాయొచ్చు, తప్పు కాదు, కానీ వాక్యం కాలవ నిండుగా ఉందన్న మాట మీద ఆగుతుంది. మీకు అది అక్కర్లేదు. తూము నంబర్లు, ఎకరాలు, నీళ్ళు రాని తేదీలు తప్పకుండా రాయండి, వ్యాకరణం కన్నా అవే ఎక్కువ పని చేస్తాయి.

కోచింగ్ మావయ్య:
మేష్టారూ ఇది మా పిల్లలకి కూడా చెప్తానండి. మేం మార్కు కోసం కామా దగ్గర ఆగిపోతున్నాం.

కువైట్ నర్సమ్మ:
మాది పి.గన్నవరం దగ్గరండి, ఇక్కడ హాస్పిటల్లో నర్సుగా చేస్తున్నాను. మేష్టారండీ, నాకు ఆల్‌దో కన్నా ఈవెన్ ఇఫ్ దగ్గర ఎక్కువ ఇబ్బంది వచ్చింది, మన ఊళ్ళ నుంచి కొత్తగా వచ్చే అమ్మాయిలకి కూడా అక్కడే పడుతోంది. తెలుగులో వచ్చినా అంటే రెండింటికీ సరిపోతుంది కదండి. "జ్వరం వచ్చినా డ్యూటీకి వెళ్ళాను." "జ్వరం వచ్చినా డ్యూటీకి వెళ్తాను." మొదటిదాన్లో జ్వరం వచ్చింది. రెండోదాన్లో ఇంకా రాలేదు, వస్తేగిస్తే అని. మనకి చివరి క్రియ వినేదాకా తెలీదు, వచ్చినా మటుకు మారదు. ఇంగ్లీషులో మొదట్లోనే తేల్చెయ్యాలి. జరిగిందయితే ఆల్‌దో, ఈవెన్ దో. జరగొచ్చు జరక్కపోవచ్చు అయితే ఈవెన్ ఇఫ్.

మా పనిలో ఇది చిన్న విషయం కాదండి. డ్యూటీ మారేటప్పుడు తర్వాతివాళ్ళకి అప్పజెప్పే హేండోవర్లో "ఈవెన్ ఇఫ్ హర్ బీపీ ఈజ్ లో, కాల్ ద డాక్టర్ ఫస్ట్" అంటే ఇప్పుడు బీపీ తక్కువుందని చెప్పినట్టు కాదు, ఒకవేళ తగ్గితే కూడా అని. "ఆల్‌దో హర్ బీపీ ఈజ్ లో" అంటే ఇప్పుడు తక్కువుంది అని చెప్పేసినట్టే. వినేవాళ్ళు ఆ మొదటి మాటని బట్టే మంచం దగ్గరికి పరిగెట్టాలో అక్కర్లేదో తేల్చుకుంటారు. అందుకే కొత్త అమ్మాయిలకి నేను చెప్పేది ఒకటే, ముందు తెలుగులో వాక్యం చివరిదాకా అనుకోండి, జరిగిందా జరగలేదా చూసుకోండి, అప్పుడు ఇంగ్లీషు మొదలుపెట్టండి.

పెన్షన్ మేష్టారు:
అమ్మా, దీన్ని ఇంతకన్నా బాగా చెప్పలేం. ఒక్క మాట కలుపుతాను. ఈవెన్ ఇఫ్ తర్వాత రేపటి సంగతైనా విల్ పెట్టకూడదు. "ఈవెన్ ఇఫ్ ఇట్ విల్ రెయిన్" కాదు, "ఈవెన్ ఇఫ్ ఇట్ రెయిన్స్ టుమారో, ఐ విల్ కమ్." విల్ రెండో ముక్కలోనే.

వరదల మీద ఉదాహరణ ఇస్తే మన పిల్లలకి వెంటనే పడుతుంది. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగులకి ఇస్తారు, లంకల్లో పుట్టిన ప్రతి పిల్లాడికీ తెలుసు. 2022 జులైలో మట్టం అది దాటిపోయింది. అది జరిగిన సంగతి కాబట్టి "ఆల్‌దో ద వాటర్ క్రాస్డ్ 17.75 ఫీట్, సమ్ పీపుల్ డిడ్ నాట్ లీవ్ దెయిర్ హౌసెస్" అనాలి. వచ్చే ఏడాది గురించి ముసలమ్మ "హెచ్చరిక ఇచ్చినా ఇల్లు కదలను" అంటే అది ఈవెన్ ఇఫ్. అదే ముసలమ్మ "మొన్న హెచ్చరిక ఇచ్చినా కదల్లేదు" అంటే ఆల్‌దో.

లంక ట్యూషన్:
మా పిల్లలకి ఇంతకన్నా దగ్గర ఉదాహరణ ఉండదండి. ఆ నెల్లో మా వీధిలోనే పడవలు తిరిగేయి. నర్సమ్మ గారూ, మీ హేండోవర్ మాట కూడా చెప్తాను, మా దగ్గర ఇద్దరు ఆడపిల్లలు నర్సింగ్ అంటున్నారు.

భీమవరం బీటెక్:
ఒక డౌట్ మేష్టారూ. నిన్న ఇంగ్లీషు పేపర్లో ఇలాంటి వాక్యం చూశాను: "ద రోడ్ వాజ్ రిపేర్డ్, బట్ ఆల్‌దో ద వర్క్ ఈజ్ ఓవర్, బసెస్ హావ్ నాట్ రిటర్న్డ్." ఇందులో బట్, ఆల్‌దో పక్కపక్కనే ఉన్నాయి కదా. ఇది తప్పా?

పెన్షన్ మేష్టారు:
తప్పు కాదు బాబూ, మంచిది పట్టేవు. ఇక్కడ మూడు ముక్కలున్నాయి. రోడ్డు బాగుచేశారు అన్నది ఒకటి, బస్సులు రాలేదన్నది ఇంకోటి, ఈ రెండింటినీ బట్ కలిపింది. పని అయిపోయినా అన్న ముక్క మధ్యలో దూరి బస్సుల ముక్కని పట్టుకుంది. బట్‌కి రెండు పక్కలా పూర్తి వాక్యాలున్నాయి, ఆల్‌దోకి తన ముక్క తనకుంది. అంచేత రెండూ ఒక వాక్యంలో రాకూడదు అని పిల్లలకి చెప్పకండి, అది అబద్ధం. రెండే ముక్కల మధ్య రెండూ రాకూడదు, అది నిజం.

డీఎస్సీ ఆశ:
డిస్పైట్ కూడా చెప్పండి మేష్టారూ, అది కూడా ఇదే అర్థం కదా.

కోచింగ్ మావయ్య:
నేను చెప్తానమ్మా. డిస్పైట్ తర్వాత వాక్యం రాదు, నామవాచకమో ఐఎన్‌జీ రూపమో వస్తుంది. "డిస్పైట్ ద రెయిన్", "డిస్పైట్ బీయింగ్ టైర్డ్". ఆల్‌దో తర్వాత కర్త, క్రియ ఉన్న ముక్క. డిస్పైట్ ఆఫ్ అని లేదు, ఇన్ స్పైట్ ఆఫ్ ఉంది, ఈ రెండూ కలిసిపోయి డిస్పైట్ ఆఫ్ అని రాసేస్తారు. ఇంకోటి, ఆల్‌దో రాసిన వెంటనే కామా పెట్టకండి. "ఆల్‌దో, హీ వాజ్ ఇల్" అని పెడుతున్నారు, హవెవర్‌కి పెట్టే కామా ఇక్కడికి తెచ్చేస్తున్నారు. హవెవర్ తర్వాత కామా, ఆల్‌దో తర్వాత ఉండదు, ఆ ముక్కంతా అయ్యాక పెడతాం.

కువైట్ నర్సమ్మ:
వాక్యం చివర దో అంటారు కదండి ఇక్కడ, "ఇట్ వాజ్ గుడ్, దో" అని. ఆల్‌దో కూడా అలా రావచ్చా?

పెన్షన్ మేష్టారు:
రాదమ్మా. చివర దో ఒక్కటే వస్తుంది, అది మాట్లాడే ఇంగ్లీషు, మనం "బాగుందిలే మరి" అన్నట్టు. ఆల్‌దో ఎప్పుడూ తన ముక్క ముందే ఉండాలి. మిగతా చోట్ల దో, ఆల్‌దో ఒకటే అర్థం, ఆల్‌దో కొంచెం పెద్దమనిషి తరహా. గట్టిగా చెప్పాలంటే ఈవెన్ దో.

లంక ట్యూషన్:
దో రాయమంటే చివర టి తగిలించి థాట్ చేసేస్తున్నారు, ఆల్‌దోకి కూడా తోక పెడుతున్నారు. అది నేను చూసుకుంటాను.

మేష్టారూ, రేపటికి ఈ వాక్యాలు తయారుచేశాను, ఒకసారి చూడండి. తెలుగులో ఇస్తాను, ముందు జరిగిందా లేదా చెప్పాలి, తర్వాత ఏ ముక్కని ఒప్పుకుంటున్నారో చెప్పాలి, అప్పుడు ఇంగ్లీషు.

కాటన్ దొర 1899లో పోయినా ఇక్కడి ఊళ్ళల్లో ఆయన విగ్రహానికి ఇంకా దండలేస్తున్నారు.
కొబ్బరికాయ ధర పడిపోయినా తోట అమ్మను.
కాలవ కట్టేసినా చెరువులో నీళ్ళున్నాయి.
పంటు ఆగిపోయినా నాన్న రాత్రికి ఇంటికొచ్చేడు.

డీఎస్సీ ఆశ:
నేను ట్రై చేస్తానండి. మొదటిది "ఆల్‌దో కాటన్ డైడ్ ఇన్ 1899, పీపుల్ హియర్ స్టిల్ గార్లండ్ హిజ్ స్టాచ్యూ." నాలుగోది "ఆల్‌దో ద ఫెర్రీ స్టాప్డ్, ఫాదర్ కేమ్ హోమ్ బై నైట్." మూడోది "ఆల్‌దో ద కెనాల్ ఈజ్ క్లోజ్డ్, దేర్ ఈజ్ వాటర్ ఇన్ ద ట్యాంక్." రెండోది ఆగిపోయానండి. ధర పడిపోయిందా, ఇంకా పడలేదా?

పెన్షన్ మేష్టారు:
మూడూ ఒప్పే తల్లీ. రెండోదాన్లో నువ్వు ఆగడమే సరైన పని, ఎందుకంటే తెలుగు వాక్యం అది చెప్పట్లేదు. అమ్మను అన్నది ముందు సంగతి, ధర ఇప్పటికే పడి ఉండొచ్చు, ఇంకా పడకపోవచ్చు. పడిపోయి ఉంటే "ఆల్‌దో ద ప్రైస్ హాజ్ ఫాలెన్, ఐ విల్ నాట్ సెల్ ద గార్డెన్." పడుతుందేమోనని అంటుంటే "ఈవెన్ ఇఫ్ ద ప్రైస్ ఫాల్స్." ట్యూషన్ అమ్మా, ఆ వాక్యాన్ని మార్చకుండా అలాగే ఇవ్వండి, ధర పడిందా లేదా అని పిల్లల చేత అడిగించండి. అడిగినవాళ్ళకి పూర్తి మార్కు వెయ్యండి.

శివారు రైతు:
ఆయ్, అర్జీ రెండో వాక్యంతోనే పంపించేవండి, తూము నంబర్లు కూడా వేయించేను. కొబ్బరి ధర సంగతి మటుకు పిల్లల్ని అడగక్కర్లేదండి, పడిపోయింది, ఆల్‌దోనే రాయమనండి.